ఐస్ హాకీలో పక్ కనపడాలంటే: నెల్లూరు నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూసేవాళ్ళకి

పక్ అంటే అరచేతిలో ఇమిడే నల్ల రబ్బరు బిళ్ళ. అడ్డకొలత 7.62 సెంటీమీటర్లు, మందం 2.54. గట్టి షాట్ పడితే గంటకి 150 కిలోమీటర్లు దాటి పోతుంది. సెకనుకి 25 ఫ్రేముల (విడి బొమ్మల) వీడియోలో ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య అది 1.67 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. 50 ఫ్రేములైతే 83 సెంటీమీటర్లు. మొదటిసారి ఫోన్‌లో చూసినవాళ్ళు "బంతి ఎక్కడుందో తెలీడంలేదు" అని పది నిమిషాల్లో కట్టేయడానికి కారణం ఇదే. మంచి ఆటని అలా వదిలేసుకోవడం చూస్తే బాధేస్తుంది.

కాబట్టి నాణ్యత ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఫ్రేముల సంఖ్య. 1080పీ 25 ఫ్రేములు ఒక పక్క, 720పీ 50 ఫ్రేములు ఇంకో పక్క ఉంటే కళ్ళు మూసుకుని రెండోది తీసుకోండి. క్రికెట్‌కి ఈ గొడవ అంత ఉండదు, అక్కడ కెమెరా చాలాసేపు పిచ్ మీదే నిలబడుతుంది. హాకీలో కెమెరా ఊరికే అటూ ఇటూ తిరుగుతుంది. జనం, గోడల మీది ప్రకటనలు అన్నీ ఒక్కసారి కదులుతాయి. నెట్ చాలకపోతే బొమ్మ ముద్దయిపోయి, ముందు మాయమయ్యేది ఆ నల్లబిళ్ళే.

టీవీలో కూడా రెండు సరిచేయాలి. పిక్చర్ సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపేయండి. తెల్లటి మంచు మీద వేగంగా పోయే నల్లచుక్కని అది మచ్చ అనుకుని చెరిపేయొచ్చు. రెండోది, యూరప్ ప్రసారం 50 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 50 బొమ్మల లెక్కన వస్తుంది. ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ 60లో పెట్టి ఉంటే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులు పడుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్‌లో 1080పీ 50 హెర్ట్జ్‌కి మార్చితే ఆ కుదుపు పోతుంది.

ఇక ఎక్కడ చూడాలి అన్నది. ప్రసార హక్కులు దేశానికొకరివి, ఏటా మారొచ్చు. పోయినసారి చూసిన యాప్‌లోనే ఈసారీ వస్తుందని నమ్మి డబ్బు కట్టొద్దు. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య, అంటే ఐఐహెచ్ఎఫ్ వెబ్‌సైట్‌లో ఆ టోర్నమెంట్ పేజీకి వెళ్ళి, మన దేశానికి ఎవరు ప్రసారం చేస్తున్నారో మొదటి మ్యాచ్‌కి వారం ముందే చూసుకోండి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్ళు అక్కడి పేరు విడిగా చూసుకోవాలి. ఇక్కడ కట్టిన చందా అక్కడ తెరుచుకోకపోవచ్చు, ఎందుకంటే సైటు చూసేది మన ఖాతాని కాదు, మనం వాడుతున్న నెట్ ఏ దేశానిదో.

వీపీఎన్, అంటే మన నెట్ వేరే దేశానిదిగా చూపించే యాప్, దాని గురించి అందరూ అడుగుతారు. మన దేశంలో దాన్ని వాడటమే నేరం కాదు. కానీ హక్కులు లేని దేశం నుంచి దొడ్డిదారిన చూస్తే స్ట్రీమింగ్ సంస్థ షరతులు మీరినట్టే, ఖాతా ఆపేస్తే అడగడానికి నోరుండదు. యూఏఈలో నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచే మొదలవుతుంది. అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్ళు మ్యాచ్ కోసం ఆ జోలికి పోకపోవడమే మంచిది. "ఫ్రీ లైవ్" అని యాప్ ఫైలు దించుకోమనే సైట్లని ఎవరూ ముట్టుకోవద్దు.

విదేశీ సైటులో డబ్బు కట్టేటప్పుడు కార్డు తిరగ్గొడితే కంగారు పడకండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్త కార్డులకి విదేశీ వాడకం మూసి ఉంటుంది. బ్యాంక్ యాప్‌లో కార్డు నియంత్రణల్లోకి వెళ్ళి, అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపు తెరిచి, పరిమితి చందాకి సరిపోయేంతే పెట్టి, డబ్బు కట్టగానే మళ్ళీ మూసేయండి. ఆటోరెన్యూవల్ కూడా అప్పుడే ఆపేస్తే పోటీలు అయిపోయాక జూన్‌లో అనవసరంగా డబ్బు పోదు.

టైము లెక్క సులువే. 2026 పోటీలు స్విట్జర్లాండ్‌లో, మే 15 నుంచి 31 వరకు, 2027లో జర్మనీ. రెండుచోట్లా వేసవిలో గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఈ మధ్య ఏళ్ళలో మ్యాచ్‌లు ఎక్కువగా వాళ్ళ సాయంత్రం 4:20కి, రాత్రి 8:20కి పెడుతున్నారు. మనకి అవి రాత్రి 7:50, 11:50. మొత్తం 64 మ్యాచ్‌లు, అన్నీ చూడటం ఎవరి వల్లా కాదు. 7:50వి చూసి క్వార్టర్ ఫైనల్స్ నుంచి నిద్ర మానుకోవచ్చు.

11:50 మ్యాచ్‌లో ఒక చిక్కుంది. రోజుకి 2 జీబీ ప్యాక్‌లో డేటా అర్ధరాత్రికి కొత్తది వస్తుంది, అంటే మ్యాచ్ దాదాపు అంతా మర్నాటి కోటాలోంచే తినేస్తుంది. 720పీ 50 ఫ్రేములకి సుమారు 4 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 1.8 జీబీ. ఒంటిగంట దాటిన కాసేపటికే, రెండో పీరియడ్ (ఆటలో మూడు భాగాలుంటాయి, ఒక్కోదాన్నీ పీరియడ్ అంటారు) నడుస్తుండగానే కోటా అయిపోతుంది. మ్యాచ్ మొత్తం రెండున్నర గంటలు, 4.5 జీబీ. ఓవర్‌టైమ్‌కి, అంటే స్కోరు సమమైతే ఆడే అదనపు సమయానికి, ఇంకో జీబీ చేతిలో ఉంచుకోండి: 2025 స్టాక్‌హోమ్ ఫైనల్ మూడు పీరియడ్లూ 0-0గా ముగిసి, ఓవర్‌టైమ్‌లో ఒక్క గోల్‌తో అమెరికా స్విట్జర్లాండ్‌ని ఓడించింది. డేటా అయిపోయినవాళ్ళకి దక్కకుండా పోయేది సరిగ్గా ఆ గోలే.

వీలైతే ఇంటి ఫైబర్ మీదే చూడండి. టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, ఇంకా మేలు లాన్ వైరు. కానీ ఫైనల్ వచ్చేది రోహిణి కార్తెలో. రోళ్ళు పగిలే ఎండ, సాయంత్రానికి ఈదురుగాలి, కరెంటు పోవడం నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా మామూలే. ఇన్వర్టర్ ఉన్నా అది మారే ఆ క్షణంలో రూటర్ ఆగి మళ్ళీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, దాంట్లో పెడితే చాలావరకు ఆగదు. లేదంటే రూటర్‌కే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనండి. లోపల 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే 37 వాట్ అవర్లు. 10 వాట్లు తాగే రూటర్‌ని నష్టాలు పోను మూడు గంటలు నిలబెడుతుంది. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, 1.5 ఆంపియర్లు అడిగే రూటర్‌కి 1 ఆంపియర్‌ది తగిలిస్తే మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది.

యూపీఎస్ పనిచేస్తున్నా రూటర్ మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగిందంటే లైనే రావట్లేదు, కేబుల్ ఆపరేటర్ దగ్గర కరెంటు పోయి ఉండొచ్చు. మన చేతిలో ఏమీ లేదు, ఫోన్ హాట్‌స్పాట్‌కి మారిపోండి. అది టీవీకి కలుస్తుందో లేదో మ్యాచ్ మొదలవ్వకముందే ఒకసారి చూసి ఉంచుకోండి. రూటర్ ఆపి పెట్టాలన్నా, సెట్టింగులు మార్చాలన్నా పీరియడ్ల మధ్య 15 నిమిషాల విరామం ఉంది, ఆట నడుస్తుండగా దేన్నీ కదపొద్దు.