నూట యాభై దగ్గర నిలిచిన నలుగురు

కువైట్‌లో ఒక నిర్మాణ సంస్థలో నేను హాజరు లెక్కలు చూస్తాను. ఇక్కడి 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ (ఓటీ) రోజుకు 2 గంటలు, ఏడాదికి 180 గంటలు మించకూడదు. కాబట్టి నవంబరులో ఎవరు ఆ హద్దుకు దగ్గరపడ్డారో చూసి, వారికి ముందుగా తెలియజేయడం నా పని.

కిందటేడు 168 మంది గంటలను ఎక్సెల్‌లో ముప్పయ్యేసి గంటల తరగతులుగా విడదీశాను. కడపలో చదువుకునేటప్పుడు నాలుగు నిలువు గీతలు గీసి, ఐదోదాన్ని వాటిపై అడ్డంగా కొట్టి తయారుచేసిన, ఏ తరగతిలో ఎన్ని ఉన్నాయో చూపే పౌనఃపున్య పట్టికే ఇది. ఇక్కడ 30, 60, 90 అని 180 వరకు ఎగువ హద్దులు ఒక వరుసలో రాసి ఫ్రీక్వెన్సీ ఫార్ములా ఇస్తే, ఏ తరగతిలో ఎందరో క్షణంలో వస్తుంది. చివరి తరగతిలో, అంటే 150 నుంచి 180 దాకా, 9 మంది కనిపించారు. వారికి కబురు పంపాను.

మా గదిలో ఉండే బద్వేలు అన్న ఆ రాత్రి, ‘‘నా పేరు లేదు గదా అబ్బీ, డిసెంబరంతా ఓటీ ఉంటాది గదా?’’ అని అడిగాడు. ఉంటుందన్నాను. ఆ మాట నమ్మి కూతురి పెళ్లికి ఇంత పంపుతానని ఇంట్లో చెప్పుకున్నాడు. ఆయన గంటలు సరిగ్గా 150. మిగిలినవి 30, అంటే 15 రోజుల పని. డిసెంబరు నడుమే ఓటీ ఆగిపోయింది.

తప్పు వెదుకుతూ అదే సమాచారాన్ని, ఎక్సెల్‌లోనే గుంపులుగా లెక్కించి చూపే పివట్ టేబుల్‌లో 30 చొప్పున గ్రూపు చేస్తే చివరి తరగతిలో 13 మంది వచ్చారు. ఫ్రీక్వెన్సీ ఫార్ములా హద్దుతో సమానమైన విలువను కింది తరగతిలో కలుపుతుంది, పివట్ పై తరగతిలో కలుపుతుంది. సరిగ్గా 150 దగ్గర నిలిచిన నలుగురూ అలా కిందికి జారారు. రెండింటిలోనూ మొత్తం 168 కావడంతో కూడిక సరిచూసినా తేడా బయటపడలేదు. రోజుకు రెండేసి గంటలు చేసేచోట ఇలా హద్దుకు సరిగ్గా సమానమైన అంకెలు తరచూ వస్తాయని నాకు ముందే తట్టవలసింది.

మా లెక్కలో అతి చిన్న కొలత అరగంట. అందుకే ఇప్పుడు హద్దులను 29.5, 59.5 అంటూ 149.5 దాకా రాస్తున్నాను. పట్టిక పైన ‘150, ఆపైన’ అని తెలుగులోనే రాసి గది తలుపుకు అంటిస్తున్నాను. ఈ ఏడాది బద్వేలు అన్నకు 120 గంటలు నిండినప్పుడే చెప్పాను.