కుట్టు మిషన్ పక్కన పిల్లి

హనుమకొండలో మాది ముందు గది బ్లౌజుల షాపు, వెనకాల ఇల్లు. రెండింటికీ మధ్య తిరిగేవాడు బాబిన్‌గాడు, ఎర్ర చారల మగపిల్లి. ఆ పేరు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు పెట్టారు. బట్టలకు బొచ్చు అంటుకోదా అని అందరూ అడుగుతారు. ఎందుకు అంటుకోదు! నల్ల వెల్వెట్ బ్లౌజైతే టేపుతో అద్ది మరీ ఇస్తాను. బొచ్చుతో నాకు టెన్షన్ లేదు, నా టెన్షన్ అంతా దారంతోనే.

పిల్లి నాలుక మీద లోపలివైపు వంగిన చిన్న చిన్న ముళ్లు ఉంటాయి. ఒళ్లు నాక్కోవడానికి అవి బాగా పనికొస్తాయి గానీ, దారం కొస ఒకసారి నోట్లోకి పోయిందంటే ఇక ఉమ్మడం దానికి చేతకాదు. ముళ్లు లోపలికే తోస్తాయి, అది మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కిందనో, కడుపు చివరనో చిక్కుకుంటుంది. రెండో కొస పేగుల్లోకి దిగుతుంది. పేగు దాన్ని ముందుకు నెడుతున్నకొద్దీ, లంగా నాడా గుంజితే నేఫా కుచ్చులు పడ్డట్టు పేగే దారం చుట్టూ ముడుచుకుపోతుంది. బిగిసిన దారం పేగును కోసేస్తుంది కూడా. సినిమాల్లో పిల్లి ఉన్ని ఉండతో ఆడుకుంటుంటే అందరికీ ముద్దొస్తుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

పోయిన బతుకమ్మ ముందు, షాపులో కాలు పెట్టే సందు లేనప్పుడు, మా వాడకట్టు పిల్ల ఒకతి తన పిల్లిని చున్నీలో చుట్టుకొని వచ్చింది. వాళ్లమ్మ ఇంట్లో మగ్గం వర్క్ చేస్తుంది. పిల్లి తిండి ముట్టడం లేదట, నీళ్లు తాగినా కక్కుతోందట, ఊకే కాలితో మూతి గీక్కుంటోందట. నోరు తెరిచి చూస్తే ఎర్ర పట్టుదారం.

"అక్కా, గుంజితే వస్తదా?"

"గుంజకు బిడ్డా! ముట్టుకోకు. నడువు దవాఖానకు."

ఆటో మాట్లాడుకొని మామునూరు పశువైద్య కళాశాల దారి పట్టాం. డాక్టరమ్మ పిల్లి గడ్డం కింద, రెండు దవడల మధ్య మెత్తగా ఉండే చోట బొటనవేలు పెట్టి పైకి నొక్కింది. నాలుక దానంతటదే లేచింది. నాలుక మొదట్లో దారం ఉచ్చులా చుట్టుకొని, కండను కోసుకుంటూ లోపలికి పోయింది. గుంజి ఉంటే పేగు తెగేదని చెప్పింది. ఆపరేషన్ చేశారు, బతికింది. వెనకవైపు నుంచి దారం వేలాడినా ఇదే మాట, గుంజొద్దు.

మా షాపులో షట్టర్ దించేముందు రీళ్లన్నీ స్టీల్ డబ్బాలోకి పోతాయి. తుక్కు ఊడ్చాక సూదులు, గుండుపిన్నుల కోసం నేల మీద అయస్కాంతం తిప్పుతాం. బాబిన్‌గాడికి ఆడుకోవడానికి కాగితం ఉండ ఉంది.

మగపిల్లిని సాకేవాళ్లు ఇసుక ట్రే మీద ఓ కన్నేసి ఉంచాలి. మాటిమాటికీ పోయి కూర్చొని, ముక్కి, చుక్క కూడా పోయకుండా లేచి వస్తుంటే, మలబద్ధకమేమో అని ఆముదం తాపకండి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. సన్న రాళ్లో, జిగట ముద్దో అడ్డుపడితే ఉచ్చ బంద్ అయి, ఒంట్లో విషం పేరుకొని ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తెల్లారనిద్దాం అనుకునే జబ్బు కాదిది. ట్రే శుభ్రం చేసేటప్పుడు ఉచ్చకు తడిసి కట్టిన ఇసుక గడ్డలు ఎన్ని ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అని నేను చూస్తుంటే మా అత్తమ్మ నవ్వుతుంది.

అత్తమ్మతో నా పేచీ అంతా పెరుగన్నం దగ్గర. పిల్లంటే పాలూ పెరుగే అని ఆమె లెక్క. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. పైగా పిల్లి పక్కా మాంసాహారి. మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పోషకం చాలకపోతే దానికి చూపు పోతుంది, గుండె పాడవుతుంది. చికెన్ షాపులో కోడి గుండెకాయలు అడిగి తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ప్యాకెట్ ఫుడ్డుతో పాటు పెడతాను. కూరలో ముక్క తీసి వేయను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి నెత్తురును దెబ్బతీస్తాయి.

ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ ముక్క మింగించేవాళ్లూ ఉన్నారు. ఒక్క గోలీ చాలు, పిల్లి చచ్చిపోవడానికి. మన కాలేయం విరగ్గొట్టగలిగే కొన్ని పదార్థాలను దాని కాలేయం విరగ్గొట్టలేదు. ఫినాయిల్‌తోనూ అదే తిప్పలు. తడి ఆరకముందే నేల మీద నడుస్తుంది, తర్వాత తీరిగ్గా కూర్చొని పాదాలు నాక్కుంటుంది. అందుకే మా షాపు సబ్బునీళ్లతోనే తుడిపిస్తున్నాను. "ఫినాయిల్ వాసన లేకుంటే కడిగినట్టే లేదమ్మా" అని ఒకరిద్దరు కస్టమర్లు అన్నారు. బ్లౌజు ఫిట్టింగ్‌కు మాత్రం ఎవ్వరూ వంక పెట్టలేదు.