బెడ్‌రూమ్ సీలింగ్ స్పీకర్లు టీవీకి కలిపే పని: వైరు నుంచి లిప్‌సింక్ దాకా

గది 12×14 అడుగులు. టీవీ ఒక పొట్టి గోడకు, మంచం తలవైపు ఎదుటి గోడకు. స్లాబ్ నుంచి 6 అంగుళాలు దింపి జిప్సమ్ బోర్డు ఫాల్స్ సీలింగ్ వేస్తున్నారు. నేల నుంచి బోర్డుకు 9 అడుగులు. అనుకున్నది ఇది: 6.5 అంగుళాల స్పీకర్లు రెండు సీలింగ్‌లో, టీవీ సౌండ్ అంతా వాటిలోంచే, వాల్యూమ్ టీవీ రిమోట్‌తోనే. బోర్డును పట్టే లోహపు ఛానెళ్లు కట్టేశారు, బోర్డు ఇంకా ఎక్కలేదు. వైరు లాగాల్సింది ఇప్పుడే. బోర్డు ఎక్కి పుట్టీ, రంగు అయ్యాక ఒక్క వైరు మార్చాలన్నా సీలింగ్ కోయాలి.

స్పీకరు రకం

షాపులో సీలింగ్ స్పీకర్ అంటే రెండు రకాలు చేతికొస్తాయి. ఒకటి ఇంటి యాంప్లిఫయర్‌కు (స్పీకర్లను నడిపే పెట్టె, పొట్టిగా యాంప్) కలిపే 8 ఓమ్‌ల స్పీకరు. రెండోది షోరూములు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లలో వాడే 100 ఓల్టుల లైన్ స్పీకరు. పైన జాలీ చూస్తే తేడా తెలియదు, వెనక తిప్పి చూడాలి. లైన్ స్పీకరుకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 3 వాట్లు, 6 వాట్లు అని ట్యాపులు (శక్తిని ఎంచుకునే కొసలు) ఉంటాయి. 6 వాట్ల ట్యాప్ ఇంపిడెన్స్ (యాంప్ సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సుమారు 1667 ఓమ్‌లు (100×100ను 6తో భాగిస్తే వచ్చేది), కాబట్టి ఇంటి యాంప్‌కు కలిపితే చెవి ఆనిస్తే తప్ప వినబడదు. మల్టీమీటర్ పెడితే అనుమానం తీరిపోతుంది: 8 ఓమ్‌ల స్పీకరు 6, 7 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. లైన్ స్పీకరు రీడింగ్ దానికంటే చాలా ఎక్కువ.

ఒక సౌండ్ ఛానెల్‌కు (లెఫ్ట్ లేదా రైట్) రెండు స్పీకర్లు చొప్పున నాలుగు పెట్టాలనుకునేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. రెండు 8 ఓమ్‌లు ప్యారలల్‌గా కలిస్తే 4 ఓమ్‌లు. యాంప్ వెనక 4 ఓమ్‌లు అని రాసి ఉంటేనే అలా కలపాలి. ఈ సైజు గదికి రెండే చాలు.

వైరు: నాలుగు కొసలు, నాలుగూ విడిగా

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఇంటి వైరింగ్‌లో న్యూట్రల్ అందరికీ ఒకటే కదా అని ఎలక్ట్రీషియన్ మూడు వైర్లు లాగుతాడు: లెఫ్ట్, రైట్, ఇద్దరికీ కలిపి ఒక నెగెటివ్. పాత రకం యాంప్‌లు చాలావాటికి అది చెల్లింది. ఇప్పుడు దొరికే చిన్న క్లాస్-డి యాంప్‌లలో ఎక్కువ శాతం బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేస్తాయి. వాటిలో నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాన్ని కూడా మరో యాంప్ భాగం నడిపిస్తుంది. 24 ఓల్టుల అడాప్టర్‌తో నడిచే అలాంటి బోర్డు మీద పాట ఆపేసి, నెగెటివ్ టెర్మినల్‌కూ అడాప్టర్ నెగెటివ్‌కూ మధ్య మీటర్ పెట్టండి. సున్నా రాదు, 12 ఓల్టులకు దగ్గరగా వస్తుంది. అలాంటి రెండు నెగెటివ్‌లను ఒకే వైరులో కలిపితే రెండు ఛానెళ్లు ఒకదాన్నొకటి షార్ట్ చేసుకుంటాయి. అదృష్టం బాగుంటే యాంప్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే దాని ఐసీ (చిప్) పోతుంది. టీవీ లోపలి స్పీకరు వైర్లు బయటికి లాగి సీలింగ్ స్పీకర్లకు కలుపుదామనే ఆలోచనకూ ఇదే జవాబు. అక్కడా సాధారణంగా బ్రిడ్జే ఉంటుంది, పైగా ఛానెల్‌కు 10 వాట్ల చుట్టుపక్కల శక్తి మాత్రమే.

మందం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. టీవీ యూనిట్ నుంచి దూరపు స్పీకరుకు నిలువు, అడ్డం, వదులు అన్నీ కలిపి 8 మీటర్లు. రానూపోనూ 16 మీటర్లకు 0.21 ఓమ్ వస్తుంది, 8 ఓమ్‌ల ముందు లెక్కలోకి రాదు. అదే 0.5 చదరపు మి.మీ. వైరైతే 0.6 ఓమ్ దాటుతుంది. రెండు స్పీకర్లకు రెండు కోర్ల కేబుల్ 16 మీటర్లు కావాలి, 20 మీటర్లు తెచ్చుకుంటే ప్రతి స్పీకరు దగ్గర అర మీటరు చుట్ట వదలవచ్చు. ఆ చుట్ట లేకపోతే రేపు స్పీకరు దింపినప్పుడు ఒక చేత్తో దాన్ని మోస్తూ రెండో చేత్తో స్క్రూ విప్పాలి. చవకగా దొరికే స్పీకరు కేబుల్‌లో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. దాన్ని తీసుకోవద్దు.

పైపు కరెంటు పైపుకు వేరుగా ఉండాలి. హమ్ పడుతుందనే భయం కంటే, ఇన్సులేషన్ తెగితే 230 ఓల్టులు యాంప్ టెర్మినల్ మీదికి వస్తాయన్నదే అసలు కారణం. కరెంటు పైపును దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించాలి. యాంప్ టీవీ వెనకే ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌కు పైపు అక్కర్లేదు. కింద యూనిట్‌లో పెట్టేట్టయితే 40 మి.మీ. పైపు వేయించాలి. 25 మి.మీ. పైపులో ఒక్క వంపు ఉన్నా హెచ్‌డీఎంఐ ప్లగ్ దూరదు.

ఎక్కడ పెట్టాలి

సరిగ్గా మంచం మీద పెట్టాలనే మొదట అనిపిస్తుంది. అలా చేస్తే మాట నెత్తి మీద నుంచి వస్తుంది, బొమ్మ ఎదురుగా ఉంటుంది, సీరియల్ చూస్తున్నా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ వింటున్నట్టే ఉంటుంది. ఈ గదిలో టీవీ గోడకు 5 అడుగులు, పక్క గోడలకు రెండున్నర అడుగుల దూరంలో గుర్తు పెట్టాం. రెండు స్పీకర్ల మధ్య 7 అడుగులు. మంచం మీద కూర్చున్న చెవికి సౌండ్ సుమారు 33 డిగ్రీల ఎత్తు నుంచి వస్తుంది. ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) తిరిగే మోడల్ అయితే దాన్ని దిండ్ల వైపు వంచితే మాట ఇంకా కిందికి దిగినట్టు ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో అడ్డు సీలింగ్ ఫ్యాన్. స్పీకరు రెక్కల పైన పడితే ప్రతి రెక్కా సౌండ్‌ను తరుగుతుంది, గాయకుడి గొంతులో లేని వణుకు వినబడుతుంది. 1200 మి.మీ. ఫ్యాన్ రెక్క కొస మధ్య నుంచి 2 అడుగులు. మన గుర్తులు ఫ్యాన్ మధ్య నుంచి 4 అడుగుల దూరంలో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

జిప్సమ్ సీలింగ్‌లో సీలింగ్ సెక్షన్లు (బోర్డును స్క్రూలతో బిగించే ఛానెళ్లు) సాధారణంగా 457 మి.మీ.కు ఒకటి వస్తాయి. బోర్డు ఎక్కకముందే వాటి కొలతలు గోడ నుంచి తీసి ఫొటోతో సహా రాసి పెట్టుకోవాలి, లేకపోతే రంపం నేరుగా ఛానెల్‌కే తగులుతుంది. కోతకు పెట్టెలో వచ్చిన టెంప్లేట్ వాడాలి. మాట వరసకు 8 అంగుళాలు అని కోయొద్దు, 5 మి.మీ. ఎక్కువ పోయినా బిగింపు చెవులు బోర్డును పట్టవు. స్పీకరు లోతు 4 అంగుళాలైతే మన 6 అంగుళాల ఖాళీలో పడుతుంది. స్క్రూలు చేత్తోనే బిగించాలి, డ్రిల్ పెడితే చెవి బోర్డులోకి దిగబడి పిండి రాలుతుంది. స్పీకరు ఫ్రేమ్ నుంచి స్లాబ్‌కు సన్నని స్టీలు తీగ ఒకటి కట్టడం మంచిది. పై ఫ్లాట్ బాత్‌రూమ్ నీరు కారి బోర్డు నానితే పట్టుకునేది అదొక్కటే.

టీవీ నుంచి యాంప్‌కు

యాంప్‌కు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే యాంప్‌కు పంపే పద్ధతి) ఉండి తీరాలి. ఆప్టికల్‌లోనూ (కాంతితో సౌండ్ పంపే కేబుల్) సౌండ్ బాగానే వస్తుంది, కానీ చాలా టీవీల్లో ఆప్టికల్ లెవెల్ స్థిరంగా ఉంటుంది, టీవీ రిమోట్ వాల్యూమ్ పనిచేయదు. ఏఆర్‌సీతో పాటు సీఈసీ (ఒక పరికరం రిమోట్‌తో ఇంకోదాన్ని నడిపే సంకేతం) నడుస్తుంది కాబట్టి రిమోట్ నొక్కితే యాంప్ వింటుంది. కేబుల్‌ను టీవీలో ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ (దాని కొత్త రూపం) అని రాసి ఉన్న పోర్టుకే పెట్టాలి. సీఈసీకి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఎల్‌జీలో సింప్‌లింక్, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, సోనీలో బ్రావియా సింక్. మెనూలో అది ఆన్ కాకపోతే ఏఆర్‌సీ కూడా మేలుకోదు.

యాంప్ శక్తి గురించి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఒక మీటరు దూరాన వచ్చే సౌండ్) ఉన్న స్పీకర్లు రెండు, చెరొక వాట్‌తో 10 అడుగుల దూరాన 80 డెసిబెల్స్ దాకా ఇస్తాయి. బెడ్‌రూమ్‌లో అది పెద్ద సౌండే. నిజాయితీగా 30 వాట్లు ఇచ్చేది సరిపోతుంది.

తర్వాత తప్పకుండా ఎదురయ్యే చిక్కు: యూట్యూబ్ పలుకుతుంది, ఓటీటీ సినిమా పెడితే మూగబోతుంది. కేబుల్ బాగానే ఉంటుంది. టీవీ ఆటో లేదా పాస్‌త్రూలో ఉంటే సినిమా సౌండ్‌ను డాల్బీ అనే కుదించిన రూపంలోనే పంపుతుంది. స్టీరియో యాంప్‌లు చాలావాటికి దాన్ని విప్పడం రాదు. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని సాదా సౌండ్) మార్చండి. అప్పుడు టీవీయే విప్పి రెండు ఛానెళ్లుగా ఇస్తుంది. ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి పోయేదేమీ లేదు.

మోగించాక చూడాల్సినవి

మాట బోలుగా, బేస్ మాయమైనట్టు ఉంటే ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తిరగబడ్డట్టు. యాంప్ దగ్గర ఆ జత వైర్లు విప్పి 1.5 ఓల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు కోన్ కిందికి, గదిలోకి రావాలి.

గుయ్‌మనే హమ్ వస్తే ముందు కేబుల్ టీవీ కోయాక్సియల్ పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి హమ్ రావడం), ఆ లైన్‌లో ఐసొలేటర్ పెడితే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని.

పెదాలకు మాట అందకపోతే రెండు వైపులా ఆలోచించాలి. సౌండ్ ముందొస్తే టీవీలో ఆడియో డిలే పెంచితే చాలు. సౌండ్ వెనకబడితే డిలే సున్నా చేసి, గేమ్ మోడ్ తీసేయండి: ఆ మోడ్‌లో బొమ్మ తొందరగా వచ్చి సౌండ్‌ను వదిలేస్తుంది. టీవీ సొంత స్పీకర్లు కూడా ఆన్‌లో ఉంటే ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది, వాటిని ఆపేయాలి. బ్లూటూత్‌తో కలపడం పాటలకైతే సరే, సినిమాకు ఆలస్యం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇక మిగిలింది సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే విడి స్పీకరు, సబ్). 6.5 అంగుళాల స్పీకర్లు సీలింగ్‌లో ఉండి లోతైన బేస్ ఇవ్వలేవు. క్రాసోవర్ (ఏ హద్దు కింది శబ్దం సబ్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, చిన్న 8 అంగుళాల సబ్‌ను టీవీ యూనిట్ పక్కన నేల మీద ఉంచాలి. అందుకోసం యూనిట్ వెనక ఒక ప్లగ్ పాయింట్, ఒక ఆర్‌సీఏ వైరు ఇప్పుడే వేయించి ఉంచాం.