లూర్దులో ‘మీరు’ అన్న మాట

ఫ్రాన్సులోని లూర్దు రైల్వే స్టేషన్ మిట్ట మీద ఉంటుంది. మరియమాత పుణ్యక్షేత్రం కింద పల్లంలో, నది ఒడ్డున. వెళ్ళేటప్పుడు అంతా దిగుడే, కష్టం ఉండదని చెప్పారు. కానీ తూలూజ్‌లో రైలు మారేటప్పుడే నా పెట్టె చక్రం ఒకటి ఊడిపోయింది. ఆ వాలు దారిలో మిగిలిన మూడు చక్రాలు చేసిన గోలకి ముందు నడుస్తున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. మామూలుగా పదిమంది ఒక్కసారి నావైపు చూస్తే నాకు చెమటలు పడతాయి. ఆ రోజు సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

మొత్తం పందొమ్మిది మందిమి, అందరం ఇరవైల్లో ఉన్నవాళ్ళమే. తోడుగా ఒక ఫాదర్, ఒక సిస్టర్. ముందే చెప్పేస్తున్నాను, నేను భక్తి పొంగి బయల్దేరలేదు. డబ్బు కట్టింది మా అత్త. “ఇంట్లో కూర్చుని ఆ ఫోను చూసుకుని ఏడ్చే బదులు ఒకసారి వెళ్ళిరావే” అంది. అప్పటికి నా ఉద్యోగం పోయి అయిదు నెలలు. నాలుగు నిమిషాల వీడియో కాల్‌లో తేల్చేశారు. నావల్ల టీమ్‌కి వేల్యూ ఏమీ రావడం లేదట. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే కాబట్టి ఆ మాట ఏపాటి మర్యాదతో అన్నారో కూడా నాకు తెలీదు.

ఆ తర్వాత నా తలలో ఒకటే వాక్యం తిరుగుతుండేది. నేను దేనికీ పనికిరాను. పళ్ళు తోముకుంటున్నా అదే, పూజలో కూర్చున్నా అదే. ప్రార్థన మానలేదు గానీ, అది ప్రార్థన కాదు, అర్జీ. ఫలానా కంపెనీ, ఫలానా తేదీ, దయచేసి. జవాబు రాకపోతే నా అర్హతలో లోపమనుకునేదాన్ని. అంటే దేవుణ్ణి కూడా ఇంకో ఇంటర్వ్యూ తీసుకునేవాడిగానే చూస్తున్నానన్నమాట. ఇది నాకు అప్పట్లో తట్టలేదు.

మొదటి సాయంత్రం గుహ దగ్గరికి వెళ్ళాం. మరియమాత దర్శనమిచ్చిన మసబియేల్ గుహ. ఫొటోల్లో చూసి ఎంతో పెద్దదనుకున్నాను. నిజానికి చిన్నది. ఒకప్పుడు ఊరి పందులు వచ్చి తలదాచుకున్న చోటు. పక్కనే గావ్ నది చప్పుడు. గూటిలో తెల్లటి పాలరాతి మరియమాత. జనం వరుసగా లోపలికి వెళ్ళి, గోడని చేత్తో రాసుకుంటూ బయటికి వస్తారు. కొన్ని కోట్ల చేతులు తగిలి ఆ రాయి నున్నగా మెరుస్తోంది. నేనూ చెయ్యి పెట్టాను. చల్లగా, తడిగా ఉంది. అంతే. మరేమీ జరగలేదు. నా ముందు నడిచిన ఒకాయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నాకేమో కొత్త బూట్లు కరిచి మడమ మండుతోంది. చివరికి ఏడవడం కూడా చేతకాలేదు అనుకున్నాను.

మా గుంపులో అందరికంటే చిన్నవాడు ఒకడున్నాడు, నన్ను అక్కా అక్కా అంటూ తిరిగేవాడు. గుహ ముందు వాడు సెల్ఫీ తీసుకుని చూసుకుని డిలీట్ చేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ డిలీట్. “ఏంట్రా?” అంటే “మొహం బాలేదక్కా” అన్నాడు. తొమ్మిదోసారికి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను చేసేదీ అదే కదా, కాకపోతే ఫోను లేకుండా.

రెండో రోజు ఉదయం ఊళ్ళో ఉన్న కాషోకి తీసుకెళ్ళారు. 1858 ఫిబ్రవరిలో బెర్నదెత్ సుబిరూ అనే ఈ ఊరి పిల్లకి మరియమాత దర్శనాలు మొదలైనప్పుడు ఆమె కుటుంబం ఉన్న గది అది. అసలు అది పాత జైలు కొట్టు. ఆ తేమకి ఖైదీలు ఉండటానికే పనికిరాదని వదిలేశారు. నాలుగున్నర మీటర్లు లేని పొడవు, నాలుగు మీటర్లు లేని వెడల్పు. అందులో అమ్మానాన్నలు, నలుగురు పిల్లలు. తండ్రి పిండిమర చేజారిపోయి కూలికి వెళ్ళేవాడు. అంతకు ముందు ఏడాదే పిండి దొంగిలించాడన్న అనుమానంతో ఆయన్ని జైల్లో కూడా పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. బెర్నదెత్‌కి పద్నాలుగేళ్ళు. ఉబ్బసం. ఎత్తు 1.40 మీటర్లే. చదువు రాదు. సత్యోపదేశం, అంటే మత పాఠాలు, ఫ్రెంచిలో చెప్పేవారు, ఆమెకి వచ్చింది అక్కడి పల్లె మాట ఒక్కటే. అందుకని తోటి పిల్లలంతా తొలి సత్ప్రసాదం తీసుకున్నా ఆమె మాత్రం వెనకబడిపోయింది.

మేం పందొమ్మిది మందిమీ ఒకేసారి ఆ గదిలో పట్టలేదు. సగం మంది బయట నిలబడ్డారు. లోపల సిస్టర్ గొంతు తగ్గించి అడిగింది, “మీలో ఎంతమందిని పెద్దవాళ్ళు ‘మీరు’ అని పిలుస్తారు?”

ఎవరూ చెయ్యెత్తలేదు. గుమ్మం బయటినుంచి మా చిన్నవాడి గొంతు వినిపించింది. “బ్యాంకువాళ్ళు సిస్టర్! లోన్ కావాలా అండీ అని.”

నవ్వులు ఆగాక సిస్టర్ చెప్పింది. ఫిబ్రవరి 18న, మూడో దర్శనం రోజు, బెర్నదెత్ కాగితం, కలం తీసుకెళ్ళి, పేరు రాయమని ఆ తల్లిని అడిగింది. పెద్దవాళ్ళు అలా అడగమని పంపారు. మరియమాత నవ్వి, ఆ అవసరం లేదంది. తర్వాత ఆ తల్లే ఒకటి అడిగింది. పదిహేను రోజులపాటు ఇక్కడికి వచ్చే దయ చేస్తారా? ఫ్రెంచిలో కాదు, బెర్నదెత్ ఇంట్లో మాట్లాడే పల్లె మాటలో. పైగా ‘నువ్వు’ అని కాదు, ‘మీరు’ అని. జైలు కొట్టులో ఉండే ఆ పిల్లని అంతకు ముందు అంత మర్యాదగా పలకరించినవాళ్ళు ఎవరున్నారు? ఆ మాటకి బెర్నదెత్ ఎంతో ఆశ్చర్యపోయిందట. ఒక మనిషి మరో మనిషిని చూసినట్టే నన్ను చూసింది అని తర్వాత చెప్పుకుంది.

“అప్పటికి ఆ పిల్ల ఏం సాధించింది?” అంది సిస్టర్. “చదువు లేదు, ఆరోగ్యం లేదు, తొలి సత్ప్రసాదం కూడా అందలేదు. అయినా ‘మీరు’ అంది తల్లి.”

అదే రోజు మరియమాత ఇంకో మాట కూడా అంది. ఈ లోకంలో సంతోషపెడతానని మాట ఇవ్వను, పరలోకంలో ఇస్తాను అని. ఈ మాటని చాలామంది ప్రసంగాల్లో మెల్లగా దాటేస్తారు. నాకు మాత్రం అది నచ్చింది. ఉద్యోగం ఇప్పిస్తాను, పేరు తెప్పిస్తాను అనలేదు. మర్యాదగా అడిగింది, నిజం చెప్పింది. నాలుగు నిమిషాల కాల్‌లో నాకు ఈ రెండూ దక్కలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నది అవతలి ఒడ్డుకి వెళ్ళి, గుహకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. జపమాల తీశాను. చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన జపం కదా, సాధారణంగా పెదవులు చెబుతుంటే బుర్ర ఎక్కడో తిరుగుతుంటుంది. దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు.

మీతో.

పూసని వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని ఆగిపోయాను. మనం జపమాలలో ప్రతి పూసకీ ఆ తల్లిని ‘మీరు’ అంటాం. గౌరవం కాబట్టి అంటాం, అందులో వింతేమీ లేదు. ఆవిడ తిరిగి అదే మాట బెర్నదెత్‌తో అందని తెలిశాక, ఇన్నేళ్ళూ నేను ఒకవైపునుంచే మాట్లాడుతున్నట్టు అనిపించింది. అర్జీ పెట్టేవాడు జవాబు వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడతాడు గానీ, కిటికీ అవతల ఉన్న మనిషి తనని ఎలా చూస్తోందో గమనించడు. ఆ రాత్రి యాభై మూడు పూసల్లో నేను దాటింది ఆరో ఏడో. మిగిలిన సమయమంతా ఊరికే కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడగకుండా దేవుడి ముందు కూర్చోవడం నాకు కొత్త. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

మూడో రోజు నీళ్ళ దగ్గర. ఫిబ్రవరి 25న ఆ తల్లి చెప్పిందని బెర్నదెత్ గుహలో నేల తవ్వింది. వచ్చింది బురద. మూడుసార్లు పారబోసి నాలుగోసారి తాగింది. మొహమంతా బురదతో బయటికి వస్తే, చూడ్డానికి వచ్చిన జనం పిచ్చి పట్టిందన్నారు. ఆ బురద గుంటే తర్వాత తేటపడి ఊటైంది. వందల మంది చూస్తుండగా అంత అవమానం జరిగాక కూడా ఆమె మర్నాడు మళ్ళీ వెళ్ళింది. నేనైతే ఒక ప్రెజెంటేషన్‌లో మాట తడబడిందని రెండు రోజులు సెలవు పెట్టినదాన్ని.

స్నానాల తొట్లున్న చోట మాకు నీళ్ళ సైగ చేయించారు. తెర వెనక్కి పిలుస్తారు. నన్ను పిలిచిన సేవకురాలు మా నానమ్మ వయసు మనిషి. రెండు చేతులూ దోసిలి పట్టమని చూపించింది. రాతి కూజాతో నీళ్ళు వంచింది. మొదటి దోసిలి చేతులు కడుక్కోవడానికి, రెండోది మొహానికి, మూడోది తాగడానికి. నీళ్ళు గడ్డకట్టేంత చల్లన. నా దోసిలి వణికి సగం నీళ్ళు ఆవిడ చెప్పుల మీద పడ్డాయి. సారీ సారీ అంటూ వంగబోతే, ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపి, మళ్ళీ నింపింది. తొందరేమీ లేదన్నట్టు. వెనక ఎంత వరుస ఉందో ఆవిడకి తెలుసు. అయినా నేను తాగడం పూర్తయ్యేదాకా నావైపే చూస్తూ నిలబడింది.

లూర్దులో తిరుసభ, అంటే కతోలిక చర్చి, అద్భుతాలుగా గుర్తించిన స్వస్థతలు ఇప్పటికి 70 దాటాయి. వైద్యులు ఏళ్ళ తరబడి పరీక్షించాకే వాటిని గుర్తిస్తారు. నా జబ్బు ఆ రికార్డుల్లోకి ఎక్కేది కాదు. కానీ ఆ తెర వెనక ఆ నిమిషంన్నర నేను తక్కువదాన్నన్న ఆలోచన రాలేదు. బయటికి వచ్చాక గుర్తొచ్చింది, ఇందాక రాలేదే అని.

చివరి రోజు పూజలో ఫాదర్ ప్రసంగం ఫ్రాన్సులోనే ఉన్న నెవేర్ అనే ఊరి గురించి. బెర్నదెత్ 1866లో అక్కడి మఠంలో చేరింది. మరుసటి ఏడాది అక్టోబరు 30న మాటపట్టు, అంటే సన్యాస ప్రమాణం, చేసిన సిస్టర్లను ఒక్కొక్కరినే పిలిచి, ఎవరు ఏ ఊళ్ళో ఏ పని చేయాలో చెబుతున్నారు. అందరి పేర్లూ అయిపోయాయి. బెర్నదెత్ పేరు రాలేదు. ఈమె సంగతేమిటని బిషప్ గారు అడిగితే మదర్ సుపీరియర్ అందరి ముందూ అంది, “ఆమె దేనికీ పనికిరాదు.”

నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. నా వాక్యం. అక్షరం పొల్లుపోకుండా నా వాక్యం.

అది నిజమేనా అని బిషప్ అడిగారు. నిజమేనంది బెర్నదెత్. అప్పుడాయన ఆమెకి ఒక పని అప్పగించారు: ప్రార్థించే పని. ఆమెకి గర్వం రాకూడదని పెద్దలు ముందే అనుకుని అలా చేశారంటారు. నాకు ఆ మదర్ మీద ఇప్పటికీ కోపమే. వినయం నేర్పడానికి ఇంకో దారే లేదా? కానీ బెర్నదెత్ ఆ మాటని కాదనలేదు, కుంగిపోనూ లేదు. జబ్బుపడ్డ సిస్టర్లకి సేవ చేసింది, తర్వాత తనే మంచం పట్టింది, 1879లో 35 ఏళ్ళకి కన్నుమూసింది. ఒకసారి ‘మీరు’ అని పిలిపించుకున్న మనిషి కాబట్టి ‘పనికిరాదు’ అన్న మాటని అలా పక్కన పెట్టగలిగిందా? నేను అలాగే అనుకుంటున్నాను. ఫాదర్ అలా అనలేదు.

ఆ రాత్రి కొవ్వొత్తుల ఊరేగింపు. సీజన్‌లో రోజూ రాత్రి తొమ్మిదికి ఉంటుంది. ముందు వరుసల్లో నీలం రంగు బళ్ళలో రోగులు, వెనక మిగతా జనం. ఒక బండి లాగే పని నాకూ చిన్నవాడికీ ఇచ్చారు. బండిలో ఒక పెద్దావిడ. ఏ దేశమో అడిగినా మాకు అర్థం కాలేదు. వాడు ముందు పట్టుకుని లాగుతున్నాడు, నేను వెనకనుంచి తోస్తున్నాను. ‘ఆవే మరియా’ దగ్గర వేల కొవ్వొత్తులు ఒక్కసారి పైకి లేస్తాయి. నేనూ ఒక చెయ్యి ఎత్తబోయాను. కొవ్వొత్తి వంగి కాగితం తొడుగు భగ్గుమంది. కింద పడేసి కాలితో తొక్కేశాను. అందరూ చూశారు. పెద్దావిడ పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ తన కొవ్వొత్తి నా చేతికి ఇచ్చేసింది.

తిరిగొచ్చి మూడు నెలలైంది. ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూల్లో పోయింది. ఆ పాత వాక్యం ఇప్పటికీ వస్తుంది, ముఖ్యంగా రాత్రిళ్ళు. వచ్చినప్పుడు జపమాల తీసి ‘మీతో’ దాకా వెళ్ళి ఆగుతాను. కొన్నిసార్లు అక్కడే నిద్రపోతాను. మా చిన్నవాడు ఆ యాత్రలో తీసిన ఫొటోల్లో ఒకటే ఉంచుకున్నాడు. అందులో వాడి మొహం సగమే కనిపిస్తుంది, బండి నీలం రంగు మాత్రం బాగా పడింది.

ఊరేగింపు అయ్యాక బండిని వాళ్ళ విడిది దగ్గర దింపాం. పెద్దావిడ సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. పేజీల నిండా పేర్లు, ఒక్కో దాని పక్కన చిన్న సిలువ గుర్తు. రోజూ వాళ్ళ కోసం ప్రార్థిస్తానని చేతులు జోడించి చూపించింది. తర్వాత పెన్ను నావైపు చూపి కనుబొమలెత్తింది. నా పేరు చెప్పాను. రెండోసారి ఇంకాస్త మెల్లగా చెప్పాను. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసి, చదువుకోమని పుస్తకం నాకు చూపించింది. ఒక అక్షరం తప్పు పడింది. నేను దిద్దలేదు.