చందనోత్సవం నాటి మధ్యాహ్నం

మా తాతయ్య వేలు పట్టుకుని విశాఖ బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్‌లోకి వెళ్లిన రోజు నాకు చాలా స్పష్టంగా గుర్తుంది. వంగితే తప్ప దాటలేని గుండ్రటి ద్వారాలు, నెత్తిమీద పైపుల వరుసలు, ఇనుమూ నూనే కలిసిన వాసన, ప్రతి ద్వారం దగ్గరా "తల జాగ్రత్త తల్లీ" అంటున్న తాతయ్య గొంతు, బయటికి వచ్చాక ఆయన కొనిపెట్టిన మొక్కజొన్న పొత్తు. చిక్కేమిటంటే తాతయ్య 1998లో పోయారు. కురుసుర నౌకాదళ సేవ నుంచి తప్పుకున్నది 2001 ఫిబ్రవరిలో. దాన్ని ఒడ్డుకు చేర్చి, జనాన్ని లోపలికి రానిచ్చింది 2002 ఆగస్టులో. నాతో వచ్చింది నాన్నో, బడి మాస్టారో అయి ఉండాలి. తాతయ్య వేలు మాత్రం మరెక్కడిదో, ఏ పూర్ణా మార్కెట్ రద్దీలోదో, వచ్చి అక్కడ అతుక్కుంది.

ఈ సంగతి నేను ఇంట్లో నవ్వుతూ చెప్పేదాన్ని. కిందటి ఏడాది మా పెద్దవాళ్లు దీన్ని నా చెల్లెలి మీద, అంటే మా పిన్ని కూతురి మీద, ఆయుధంగా వాడారు.

మధురవాడలో మా బంధువుల గృహప్రవేశానికి ఎవరెవరిని పిలవాలో అనుకుంటున్నప్పుడు, ఫలానా ఆయన వస్తే తాను రానని చెల్లి చెప్పింది. ఎందుకని నిలదీస్తే చెప్పింది. తనకు తొమ్మిదేళ్ల వయసులో, వైశాఖంలో వచ్చే చందనోత్సవం రోజున, అందరూ అప్పన్న స్వామి నిజరూప దర్శనానికి సింహాచలం వెళ్లి ఇల్లు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, వన్‌టౌన్‌లోని అమ్మమ్మ గారి ఇంటి వెనక గదిలో ఆయన తనతో ఎలా ప్రవర్తించాడో చెప్పింది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ అంది: "ఆ ఏడు చందనోత్సవానికి నాకు అమ్మవారు పోసిందే. గుమ్మానికి వేపమండలు కట్టుకుని ఇంట్లోనే పడున్నాను. ఇల్లు ఖాళీ ఎక్కడిది?" ఇంకొకరు అందుకున్నారు: "గుంటలకేటి గుర్తుంటాది? చచ్చిపోయిన తాతతో అక్క సబ్‌మెరైన్ ఎక్కింది, ఇప్పుడు చెల్లి ఇది మొదలెట్టింది." కొందరు నవ్వారు కూడా. నేను నవ్వలేదు గానీ, అప్పటికప్పుడు ఏమీ అనలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ రాత్రి నుంచి నేను చదివినదాంట్లో మా పెద్దవాళ్ల వాదనకు బలమిచ్చేది లేకపోలేదు. 1995లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్‌రెల్ అనే మనస్తత్వవేత్తలు 24 మందికి వాళ్ల చిన్ననాటి నిజమైన సంగతులు మూడింటితో పాటు, ఐదేళ్ల వయసులో షాపింగ్ మాల్‌లో తప్పిపోయారన్న కల్పన ఒకటి కలిపి చూపించారు. అవి ఇంట్లోవాళ్లు చెప్పినవేనని నమ్మించారు. ఆరుగురు ఆ జరగని దాన్ని పూర్తిగానో కొంతవరకో గుర్తు తెచ్చుకున్నారు. ఈ ఆరుగురి గురించి చెప్పేవాళ్లు మిగిలిన పద్దెనిమిది మంది సంగతి ఎత్తరు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. సంతలోనో తీర్థంలోనో క్షణకాలమైనా అమ్మ కనబడక బెంబేలెత్తని పిల్లలు ఉండరు కనుక, తప్పిపోవడమన్న కల్పన అతుక్కోవడానికి మనసులో చోటు ముందే ఉంటుంది. 1997లో కేథీ పెజ్‌డెక్ బృందం ఇలాగే 20 మందికి తప్పిపోయిన కల్పనతో పాటు, అమ్మ ఎనిమా ఇచ్చిందన్న కల్పన కూడా చెప్పి చూసింది. మొదటిదాన్ని ముగ్గురు నమ్మారు, రెండోదాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఇంత చిన్న ప్రయోగాలతో ఏదీ తేలిపోదు. కానీ నా సబ్‌మెరైన్‌ను చెల్లి వెనక గది పక్కన పెట్టి తూకం వేయడం ఎంత తేలికపాటి పనో తెలుసుకోవడానికి ఈ మాత్రం చాలు.

మరి నాటిన జ్ఞాపకాలతో ఎవరి బతుకూ కూలిపోలేదా అంటే, కూలిపోయింది. బడి సిబ్బంది పిల్లలపై లైంగిక దాడులు చేశారన్న ఆరోపణతో 1983లో కాలిఫోర్నియాలో మొదలైన మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ వ్యవహారంలో వందలమంది చిన్నపిల్లలను ప్రశ్నించిన తీరు చదువుతుంటే భయం వేస్తుంది. మిగతా పిల్లలు ఇప్పటికే చెప్పేశారని ఊరిస్తూ, అవునన్నవాళ్లను మెచ్చుకుంటూ, కాదన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడుగుతూ పోతే, చివరికి ఆ పిల్లలు బడి కింద సొరంగాలున్నాయని కూడా చెప్పారు. ఏళ్ల తరబడి సాగిన ఆ కేసు ఒక్కరికీ శిక్ష పడకుండానే 1990లో ముగిసింది. నిందితుల్లో ఒకరు ఆపాటికే ఐదేళ్లు జైల్లో గడిపారు. అందువల్ల "పిల్లలు ఎప్పుడూ అబద్ధం చెప్పరు" అనే మాట నేను అనను. చెల్లి పక్షాన నిలబడాలనుకునేవాళ్లు కూడా ఆ మాట అనకపోవడమే ఆమెకు మేలు.

నేను అడిగేది వేరు. జ్ఞాపకం ఏ దారిన వచ్చింది? చెల్లిని ఎవరూ పదేపదే ప్రశ్నించలేదు, హిప్నాటిజం చేయలేదు, ఫలానా వాడు చెడ్డవాడని చెవిలో వేయలేదు. మధ్యలో మరచిపోయి తర్వాత గుర్తు తెచ్చుకున్నదీ కాదు. ఎప్పుడూ మరచిపోలేదనే చెబుతోంది. ఆయన వచ్చినప్పుడల్లా తను పుస్తకం పట్టుకుని డాబా మీదికి వెళ్లిపోవడం నాకు గుర్తుంది. నా గుర్తుకు ఉన్న విలువ ఎంతో మొదటి పేరాలోనే తేలిపోయింది కాబట్టి పిన్నిని అడిగాను. డాబా మాట నేనెత్తకుండా, చిన్నప్పుడు అది ఎలా ఉండేదని మాత్రమే అడిగితే, డాబా మాట ఆవిడే చెప్పింది.

మధ్యలో మరచిపోయి ఉంటే మాత్రం అబద్ధమైపోతుందా? 1970లలో చిన్న వయసులో లైంగిక దాడికి గురై ఆసుపత్రికి వచ్చినట్టు రికార్డుల్లో ఉన్న 129 మందిని, దాదాపు పదిహేడేళ్ల తర్వాత లిండా విలియమ్స్ అనే పరిశోధకురాలు కలిసి మాట్లాడితే, 38 శాతం మంది ఆ సంఘటన ప్రస్తావనే తేలేదు. మరచిపోయారో, చెప్పదలచుకోలేదో విడదీయడం కష్టం. మన దగ్గర కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అందులో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం అంతకు ముందు జరిగిన నేరాలకు వర్తించదు కనుక చెల్లికి అది అక్కరకు రాదు. అయినా ఆ చట్టం రాసినవాళ్లకు ప్రశ్న ఎంత పని చేయగలదో తెలుసు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. కోర్టులో వకీళ్లు ప్రశ్నలను నేరుగా బిడ్డ మీదికి విసరకుండా జడ్జికి ఇస్తే, జడ్జి అడగాలి. మా హాల్లో ఆ రోజు ఎనిమిది మంది వకీళ్లున్నారు, జడ్జి లేరు.

గృహప్రవేశానికి మేమిద్దరం వెళ్లలేదు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. చాలాసేపు ఆరోగ్యాల గురించి మాట్లాడి, చివర్లో అడిగింది: "ఆ ఏడు ఆషాఢంలో గిరి ప్రదక్షిణకు అందరం వెళ్లాం కదే? నాకు మొక్కు ఉండింది. మరి చెల్లిని ఎవరి దగ్గర వదిలాం?" సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్ల నడకకు తొమ్మిదేళ్ల పిల్లను తీసుకెళ్లరు. నేను జవాబు చెప్పలేదు. ఆ ఏడు నేనెక్కడున్నానో నాకే గుర్తు లేదు.

ఆ మాట వెంటనే చెల్లికి చేరవేయాలని ప్రాణం కొట్టుకుంది. కానీ చెప్పిన మరుక్షణం నుంచి ఆమె జ్ఞాపకం ఆషాఢానికి జరిగితే, ఆ జరపడం ఎవరి చేతి పనో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని ముందు తనకు గుర్తున్నదంతా ఎవరినీ అడగకుండా తన చేత్తో రాసి, కింద తేదీ వేసి దాచుకోమన్నాను. వారానికి రాసింది. అప్పుడు చెప్పాను. ఆమె అనుమతితోనే ఇప్పుడిది రాస్తున్నాను.

విని కాసేపు ఊరుకుంది. కాగితంలో చందనోత్సవం అనే ఉంది అక్కా, దాన్ని దిద్దను, అంది.