క్రీడాభిరామం ఎవరు రాశారు?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఇద్దరు పెద్దాయనలు క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం ఎవరిదని వాదించుకుంటుంటే వింటూ నిలబడిపోయాను. "క్రీడాభిరామం శ్రీనాథుడిదే, డౌటే లేదండీ" అని ఒకాయన. "మరి అవతారికలో, అదే కావ్యం మొదట్లోని పరిచయంలో, కవిగా వినుకొండ వల్లభరాయుడి పేరుంది కదండీ" అని రెండో ఆయన. మొదటాయన దానికి జవాబివ్వకుండా "ముందు పద్యం నడక చూడండి సార్" అని గొంతు పెంచాడు. ఆయన మీద నాకు సగం నమ్మకం అక్కడే పోయింది.

ఆ వాదన గాల్లోంచి ఏమీ పుట్టలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారంతటి పండితుడే అది శ్రీనాథుడి రచన అన్నారు. కానీ ఆయన పేరు చెప్పేసి ఊరుకుంటే ఎలా, ఆయన చూపిన ఆధారాలు కూడా చెప్పాలి కదా. శైలి పోలిక ఒక్కటే అయితే నాకు చాలదు, ఒక కవి పలుకుబడి ఇంకో కవిలో కనబడటం మామూలే, పైగా శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువులు (నోటినోటా తిరిగే విడి పద్యాలు) బోలెడు, అవన్నీ ఆయనవేనని ఎవరు పూచీ ఇస్తారు?

షేక్‌స్పియర్ గొడవా ఇంతే. ఆ నాటకాలు ఆక్స్‌ఫర్డ్ ప్రభువు రాశాడని లూనీ అనే ఆయన 1920లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఆ ప్రభువేమో 1604లోనే పోయాడు, ఆ నాటకాల్లో ఒకటైన టెంపెస్ట్ 1610-11 ప్రాంతంలో రాసిందని ఎక్కువమంది పండితుల లెక్క. ఈ తేదీల దగ్గరికి రాగానే మాట మార్చేవాళ్లని చదవడం ఆపేస్తా. చేతితొడుగులు కుట్టేవాడి కొడుకైన షేక్‌స్పియర్ ఇంత రాయగలడా అనేవాళ్లనైతే మరీనూ (పుట్టుక గర్వం తప్ప అందులో ఏముంది?).

వేటూరి వారి వాదనని పూర్తిగా ముందు పెట్టి, ఆ తర్వాత వల్లభరాయుడి పక్షాన మాట్లాడిన వ్యాసం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, చదవాలి.