తలుపు చిల్లుకి మైనం పెట్టిన రోజు

ఎడ్లతో పొలం దున్నుతున్న ముసలి రైతు, వెనకాల పెద్ద కోట, కోట బురుజు మీద ఎగురుతున్న బంగారు రంగు రెక్కల పాము. ఫ్రాన్స్‌లో బెర్రీ డ్యూక్ కోసం 1410ల్లో చిత్రించడం మొదలుపెట్టిన ప్రార్థనల పుస్తకంలో మార్చి నెల బొమ్మ ఇది. ఆ పాము ఆ ఇంటి ఇల్లాలేనని తెలిసిన దగ్గర్నుంచీ ఆ కథ నన్ను వదలడం లేదు.

ఆమె పేరు మెలుసీన్. అదే డ్యూక్ కోసం జాన్ దరాస్ 1393లో రాసిన కథ. రేమొందిన్ అనే కుర్రాడు వేటలో అడవి పందిని కొట్టబోయి తనని పెంచిన ప్రభువునే పొరపాటున చంపేస్తాడు. దిక్కుతోచక అడవిలో తిరుగుతుంటే ఒక ఊట దగ్గర కనబడిన ఈమె పేరు పెట్టి పిలిచి, జరిగిందంతా తనే చెప్పి, ఎలా బయటపడాలో కూడా నేర్పి, నన్ను పెళ్ళి చేసుకో, శనివారాలు మాత్రం నన్ను చూడాలని ప్రయత్నించకు అంది. మన శంతనుడికి గంగ పెట్టిన షరతు గుర్తొస్తుంది కదా! తల్లి శాపం వల్ల శనివారం నడుము కింద పాముగా మారతాననీ, అతను మాట నిలబెట్టుకుంటే మామూలు మనిషిలా బతికి మామూలుగా చనిపోయే అదృష్టం తనకి దక్కుతుందనీ ఆమె చెప్పలేదు.

కోటలు కట్టించింది, పదిమంది కొడుకుల్ని కంది. ఒక శనివారం అన్న ఎక్కించిన అనుమానంతో రేమొందిన్ కత్తిమొనతో తలుపుకి చిల్లు పెట్టి చూశాడు. తొట్టిలో కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది, బొడ్డు కింద చేపల పీపా అంత లావు తోక, అది కొడుతుంటే నీళ్ళు పైకప్పు దాకా చిమ్ముతున్నాయి. వెంటనే ఆ చిల్లుని మైనంతో మూసేశాడు, అన్నని తరిమేశాడు, మంచమెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత జరిగిందే నాకు కథ మొత్తంలో ప్రాణం. ఆమె వచ్చి పక్కన పడుకుని ఒంట్లో బాగాలేదా అని అడిగింది. కాస్త జ్వరం అన్నాడు. చూశాడని ఆమెకి తెలుసు, తెలుసని అతనికి తెలియదు. తగ్గిపోతుందిలెండి అని దగ్గరికి తీసుకుంది. చూసినందుకు కాదు, చూసింది ఎవరికీ చెప్పనందుకు ఆమె క్షమించేసింది! ఇద్దరూ ఒకే రహస్యాన్ని ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ ఒకే దుప్పటి కింద పడుకోవడం కన్నా పెద్ద ప్రేమ సన్నివేశం ఆ కాలపు కథల్లో నేను చదవలేదు.

తర్వాత ఒక కొడుకు మఠాన్ని తగలబెట్టాడు, అందులో సన్యాసిగా ఉన్న తమ్ముడూ కాలిపోయాడు. ఆ దుఃఖంలో రేమొందిన్ అందరి ముందూ ఆమెని మోసకారి పామా అనేశాడు. నోరు దాటిన మాట. ఆమె రెక్కల పాముగా మారి కిటికీలోంచి ఎగిరి, కోట చుట్టూ తిరిగి ఏడుస్తూ వెళ్ళిపోయింది.

చంటిపిల్లలిద్దరు మిగిలారు. రాత్రుళ్ళు ఆమె వచ్చి వాళ్ళని పొయ్యి దగ్గర వెచ్చబెట్టి పాలిచ్చి వెళ్ళడం దాదులు చూసేవాళ్ళట.